ఒక్క పౌను బేరం

బజారులో ఏదైనా మరీ చవకగా వస్తున్నదంటే మనకు ముందు అనుమానం కలుగుతుంది. వంకాయలు సగం ధరకే ఇస్తానంటే, పుచ్చులున్నాయేమోనని నాలుగు తిరగవేసి చూడనిదే ఏ ఇల్లాలూ సంచీ చాపదు. అటువంటిది, 2018 డిసెంబరులో ఇంగ్లండులో 133 ఏళ్ళ చరిత్ర గల ఒక ఫుట్‌బాల్ క్లబ్బును ఒక్క పౌనుకు అమ్మారు. అప్పటి మన లెక్కలో సుమారు 90 రూపాయలు. కొన్నాయన తిరగవేసి చూశాడో లేదో గాని, ఆ పుచ్చుల బాధ మాత్రం ఊరంతా పడింది.

ఆ ఊరి పేరు బెరీ. మాంచెస్టరుకు ఉత్తరాన సుమారు 8 మైళ్ళ దూరం. ఒకప్పుడు నూలు మిల్లులతో బ్రతికిన ఊరు. లండను పోలీసు దళాన్ని నెలకొల్పిన రాబర్టు పీలు దొర పుట్టినది అక్కడే. ఊరివాళ్ళు క్లబ్బు పెట్టుకున్నది 1885లో. నాటినుంచీ ఆట అంతా గిగ్ లేన్ అనే మైదానంలోనే. 1900లో ఒకసారి, 1903లో మరొకసారి ఆ దేశంలో అందరూ కలలుగనే ఎఫ్.ఎ. కప్పు గెలుచుకున్నది. రెండోసారి ఫైనలులో డెర్బీ కౌంటీ జట్టుకు 6 గోల్సు కొట్టి, ఒక్కటి కూడా కొట్టించుకోలేదు. ఫైనలులో అంత తేడాతో గెలవడం తరవాత 116 ఏళ్ళపాటు ఎవరివల్లా కాలేదు. 2019 మే నెలలో ఆ ఘనతతో సమానంగా నిలిచింది ఎవరనుకున్నారు? పొరుగునే ఉన్న మాంచెస్టరు సిటీ. అబూధాబీ రాజకుటుంబీకుడి చేతిలో ఉన్న క్లబ్బు. ఆ తరవాత మూడు నెలలు తిరిగేసరికి, మొదట ఆ ఘనత సాధించిన బెరీకి లీగులో చోటే లేకుండా పోయింది!

ఎలా పోయిందయ్యా అంటే, అందులో వింత ఏమీ లేదు. అప్పు చేసి పప్పుకూడు తిన్న కాపురాలన్నీ పోయినట్టే పోయింది. ముందటి యజమాని ఇళ్ళు కట్టి అమ్మే వ్యాపారి. క్లబ్బును పై అంతస్తుకు ఎక్కించాలని ఆదాయానికి మించిన జీతాలిచ్చి ఆటగాళ్ళను తెచ్చాడు. మైదానం తాకట్టులో పడింది. మైదానం పక్కన కార్లు నిలుపుకునే స్థలాన్ని సైతం ముక్కలు చేసి, పెట్టుబడి అని చెప్పి జనానికి అమ్మారు. తీరా ఆయన వ్యాపారమే తలక్రిందులైనప్పుడు, క్లబ్బును ఆ ఒక్క పౌనుకు వదిలించుకున్నాడు.

కొత్త యజమాని సంగతి ఇంకా బాగుంది. అసలు బెరీ అనే ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉన్నదనే తనకు తెలియదని ఆయనే తరవాత రేడియోలో చెప్పాడు. మన ఇంట్లో ముందుగది అద్దెకు ఇవ్వాలంటే ఉద్యోగమెక్కడ, జీతమెంత, ఇదివరకు ఉన్న ఇల్లు ఎందుకు ఖాళీ చేశావు అని పది ప్రశ్నలు వేస్తాం. ఒక ఊరి క్లబ్బు చేతులు మారినప్పుడు, నడపడానికి నీ దగ్గర డబ్బున్నదా అన్న ప్రశ్నకు రుజువు చేతికి రాకముందే లీగువారు బేరం సాగనిచ్చారు. రుజువు అడిగారు, అది రాలేదు. బేరం మాత్రం అయిపోయింది.

ఇంతలో ఆటగాళ్ళు చేసిన పని చూడండి. నెలల తరబడి జీతాలు లేవు. అయినా ఆడారు. 2019 ఏప్రిలు చివరకు రెండో స్థానంలో నిలిచి, క్లబ్బును పై డివిజనుకు చేర్చారు. జీతంరాని గుమాస్తా రాత్రింబగళ్ళు పనిచేసి కంపెనీకి లాభం తెచ్చిపెట్టినట్టు! ఆ డివిజనులో మాత్రం బెరీ ఒక్క ఆట కూడా ఆడలేదు. డబ్బున్నదన్న రుజువు చూపలేక, ఆటలు ఒకదాని తరవాత ఒకటి వాయిదా పడ్డాయి.

చివరి గడువు 2019 ఆగస్టు 27. ఎవరో కొనేవాళ్ళు వస్తున్నారని కబురు వచ్చింది. కొంటే ఆ శనివారమే ఆట. మైదానం సిద్ధంగా ఉండాలి గదా అని వందలమంది చీపుళ్ళు, బకెట్లు పట్టుకుని గిగ్ లేన్‌కు వచ్చారు. ముసలివాళ్ళు, పిల్లలు, ఉద్యోగానికి సెలవు పెట్టినవాళ్ళు కుర్చీలు తుడిచారు, మెట్లు ఊడ్చారు. పెళ్ళివారు వస్తున్నారని ఇల్లు అలికినట్టు అలికారు. కొంటామన్నవాళ్ళు ఆ మధ్యాహ్నమే మా వల్ల కాదని తప్పుకున్నారు. రాత్రికి లీగువారు బెరీని బహిష్కరించారు. 1894లో లీగులో చేరిన క్లబ్బు, 125 ఏళ్ళ సభ్యత్వం ఒక్క ప్రకటనతో తీరిపోయింది.

మీరనవచ్చు: వ్యాపారమన్నాక కొన్ని మూతపడతాయి, దీనికింత గోల ఎందుకని. అక్కడే ఉంది కిటుకు. వీధిచివర కిరాణా కొట్టు మూస్తే పక్కవీధి కొట్టుకు పోతాం. తాత చెయ్యి పట్టుకుని చూడటం నేర్చిన జట్టు మూతపడితే, పక్క ఊరి జట్టుకు పోయి చప్పట్లు కొట్టే మనిషి ఉండడు. సరుకు ఎంత నాసిగా ఉన్నా కొట్టు మార్చని ఖాతాదారు ఎక్కడైనా ఉన్నాడంటే అతడు ఫుట్‌బాల్ అభిమానే. చెడ్డ యజమానికి ఇంతకంటె కావలసినదేముంది? పైగా పై అంతస్తు లీగులో టెలివిజను డబ్బు కోట్లలో ఉంటుంది. దానికి ఒక మెట్టు క్రింద ఉన్న డివిజనులో ఎన్నో సంవత్సరాలు వచ్చిన ఆదాయాన్ని మించి జీతాలకే ఖర్చయింది. సంబంధం పెద్దదని కట్నానికి పొలం తాకట్టు పెట్టడం వంటిదే ఇది. మెట్టెక్కేది ఏటా ముగ్గురే. పొలం తాకట్టు పెట్టేది మాత్రం చాలామంది.

ఇదంతా దొరల దేశపు కథ అని ఊరుకోవడానికి లేదు. అదే 2019 ఆగస్టులో మన దేశంలో పూణే క్లబ్బు డబ్బు చిక్కులతో మూతపడితే, ఇండియన్ సూపర్ లీగులో దాని చోటు మన హైదరాబాదుకు వచ్చింది. మొదటి ఏడు హైదరాబాదు ఎఫ్.సి. అట్టడుగున నిలిచినా, 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఛాంపియన్ అయింది. గచ్చిబౌలి మైదానంలో పసుపుపచ్చ చొక్కాలతో పిల్లలు కేరింతలు కొట్టారు. తరవాత? జీతాల బకాయిలు, ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ నుంచి కొత్త ఆటగాళ్ళను తీసుకోరాదని ఆంక్ష, ఒక్కొక్కరే వెళ్ళిపోవడం. 2023–24లో 22 ఆటలాడి గెలిచినది ఒక్కటి. 2024లో క్లబ్బు చేతులు మారింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పూణే నుంచి వచ్చినది ఢిల్లీకి పోయింది. మధ్యలో మన పిల్లల దగ్గర పసుపుపచ్చ చొక్కాలు మిగిలాయి.

ఇదే ఊళ్ళో రహీం సాహెబు తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచింది. ఆ జట్టు ఎవరి సొత్తూ కాదు. అమ్మజూపడానికి, రాత్రికి రాత్రి మూటకట్టుకుపోవడానికి ఎవరికీ హక్కు లేదు.

మన దేవాలయాలకు ధర్మకర్తలుంటారు. గుడి తాళం ఆయన చేతిలో ఉంటుంది, మాన్యం లెక్క ఆయన చూస్తాడు. అంతమాత్రాన గుడి ఆయనదైపోదు. దేవుడి మాన్యం తిన్నవాడిని ఊరు క్షమించదు, అడిగే శాఖ ఒకటి సర్కారులో ఉన్నది. క్లబ్బు యజమాని కూడా ధర్మకర్తేనన్న సంగతి ఇంగ్లండుకు తెలిసిరావడానికి బెరీ వంటి ఊళ్ళు ఏడవవలసి వచ్చింది. 2025 జూలైలో అక్కడ చట్టం చేశారు. పై అయిదు అంచెల క్లబ్బులకు ఇక లైసెన్సు ఉండాలి. కొనేవాడి డబ్బూ నడతా చూసే స్వతంత్ర అధికారి ఉంటాడు. ఆయన అనుమతి లేనిదే సొంత మైదానం అమ్మడానికి గాని, వేరే చోటికి తరలడానికి గాని వీలు లేదు. చట్టంతోనే అంతా బాగుపడుతుందని కాదు. అడిగేవాడొకడు ఉన్నాడన్న భయం మంచిదే.

బెరీవాళ్ళు చట్టం కోసం ఆగలేదు. చందాలు పోగుచేశారు, ప్రభుత్వం 10 లక్షల పౌన్లు సాయం చేసింది, 2022లో అభిమానులే గిగ్ లేన్‌ను కొనుక్కున్నారు. ఈ మధ్యలో కొందరు వేరే క్లబ్బు పెట్టుకోగా, రెండు వర్గాలకూ మాటలు పెరిగాయి, అన్నదమ్ముల తగువుల్లాగే. 2023లో ఓట్లు వేసుకుని ఒకటయ్యారు. ఆ ఏడే తిరిగి తమ మైదానంలో, చాలా క్రింది అంచెలో, తమ పాత పేరుతో ఆడటం మొదలుపెట్టారు.

రేపు ఎవరైనా మన ఊరికి మరొక క్లబ్బు తెస్తామని వస్తారు. రానివ్వండి, సంతోషమే. పిల్లలకు చొక్కాలు కొనేముందు మాత్రం, ఆ వంకాయల బుట్టను ఒకసారి తిరగవేసి చూద్దాం.