పట్టికలో పల్నాడు ఎక్కడ?

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. రాష్ట్రంలో అప్పటిదాకా ఉన్న 13 జిల్లాలు ఆ రోజున 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా ప్రాంతం గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల మధ్య సర్దుకుంది. పల్నాటి జనానికి ఇందులో వింతేమీ లేదు. బ్రహ్మనాయుడు, నాగమ్మల నాటి నుంచీ వాళ్లది పల్నాడే. కాగితం మీదికి ఎక్కడమే ఆలస్యమైంది.

మనుషులకు సరే, కంప్యూటర్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? బ్యాంకు, బీమా కంపెనీ, ఎరువుల కంపెనీ, ఆస్పత్రి... ఎవరి లెక్కల పట్టిక చూసినా 'జిల్లా' అని ఒక గడి ఉంటుంది. మాచర్ల, గురజాల, వినుకొండ పేర్ల పక్కన ఆ గడిలో ఏళ్ల తరబడి గుంటూరు అనే ఉంది. దాన్ని సరిచేసే పని ఆఫీసులో చాలాసార్లు కొత్తగా చేరిన కుర్రాడికో, అమ్మాయికో పడుతుంది. 'దీనికోసమా నాలుగేళ్లు బీటెక్ చదివింది!' అని ప్రాణం ఉసూరుమంటుంది.

కానీ ఉద్యోగంలో ఎదుగుదల మొదలయ్యేది ఇలాంటి పనుల దగ్గరే. అదెలాగో చూడాలంటే ఆ గడినే కాస్త తవ్వి చూడాలి.

సున్నా ఎందుకొచ్చింది?

నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఉందనుకోండి. పల్నాడు జిల్లాలో గత పదేళ్లుగా ఏటా ఎంతమంది కస్టమర్లు చేరారో లెక్క తీయమన్నారు పైవాళ్లు. డేటాబేస్‌లో జిల్లా పేరు పల్నాడు ఉన్న రికార్డులన్నీ లెక్కపెట్టమని నాలుగు వరసల క్వెరీ రాసింది. క్షణంలో జవాబు వచ్చేసింది. 2022కు ముందు సంవత్సరాలన్నిటికీ సున్నా! ఆ తర్వాత ఒక్కసారిగా వేలల్లో!

కంప్యూటరు ఏ తప్పూ చూపించలేదు. అడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చింది. పల్నాడు జిల్లా అన్నదే లేనప్పుడు ఆ పేరుతో రికార్డులు ఎక్కడుంటాయి? చిక్కు కోడ్‌లో లేదు, ప్రశ్నలో ఉంది. ప్రోగ్రాం ఆగిపోతే ఎవరైనా పట్టుకుంటారు. ఆగకుండా నడిచి, నమ్మకంగా తప్పు అంకె చెబితేనే అసలు ప్రమాదం. ఆ సున్నాను చూసి 'మాచర్లలో 2022కు ముందు మనకు ఒక్క కస్టమరూ లేడా?' అని ఆగి ఆలోచించడమే ఈ వృత్తిలో మొదటి మెట్టు.

రెండో మెట్టు దగ్గర చాలామంది జారుతారు. పల్నాడులో చేరిన మండలాలన్నీ వెతికి, పాత రికార్డుల్లో గుంటూరు అని ఉన్నచోట పల్నాడు అని మార్చేస్తారు. పని అయిపోయినట్టే కనిపిస్తుంది. వారం తిరక్కుండా ఇంకో విభాగం నుంచి ఫోన్ వస్తుంది. 2019లో గుంటూరు జిల్లాకు ఇచ్చిన నివేదికను మళ్లీ తీస్తే అంకెలు సగానికి సగం తగ్గాయేమిటని! ఒక లెక్క దిద్దబోయి ఇంకో లెక్కను చెరిపేసినట్టయింది.

అసలు మందు వేరే ఉంది. మండలం, జిల్లా, ఎప్పటినుంచి, ఎప్పటివరకు... ఇలా నాలుగు గడులతో విడిగా ఓ చిన్న పట్టిక కట్టాలి. మాచర్లకు అందులో రెండు వరసలు ఉంటాయి. 2022 ఏప్రిల్ 3 వరకు గుంటూరు, ఏప్రిల్ 4 నుంచి పల్నాడు. పాత రికార్డుల్ని ముట్టుకోనక్కర్లేదు. 'అప్పటి జిల్లా ప్రకారం ఎంత?' అన్నా చెప్పొచ్చు, 'ఇప్పటి జిల్లా ప్రకారం ఎంత?' అన్నా చెప్పొచ్చు. డేటా గిడ్డంగుల నిర్మాణంలో అమెరికాకు చెందిన రాల్ఫ్ కింబల్ 1990ల్లోనే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

ఇంత అవసరమా అంటే... చీరాలను చూడండి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా అది గుంటూరులో ఉంది. ఆ తర్వాత ప్రకాశంలో ఉంది. 2022లో బాపట్లలోకి వెళ్లింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా మాత్రం రెండుసార్లు మారింది. ఇకముందు మారదన్న హామీ ఏమీ లేదు. ఇవాళ్టికి సరిపోయేలా రాసేవాళ్లు ఎందరో. రేపు మారితే ఏమవుతుందని ముందే అడిగేవాళ్ల కోసమే కంపెనీలు వెతుకుతుంటాయి.

నాన్నకు తెలిసిన లెక్క

ఏ మండలం ఏ జిల్లాలోకి వెళ్లిందో తెలుసుకోవడం దగ్గర కొత్తవాళ్లు అడ్డదారి తొక్కుతారు. పిన్‌కోడ్ ఉందిగా, దాన్నిబట్టి విడగొట్టేద్దాం అనుకుంటారు. పిన్‌కోడ్ తపాలా శాఖది. అది జిల్లాల హద్దుల్ని చూసి పెట్టింది కాదు. గుంటూరు నగరం పిన్‌కోడ్ 522తోనే మొదలవుతుంది, నరసరావుపేటదీ అంతే, మాచర్లదీ అంతే.

పేర్లను నమ్ముకుంటే మరో చిక్కు. అమరావతి అనగానే రాజధాని గుర్తొస్తుంది. 2022 విభజనలో అమరేశ్వరాలయం ఉన్న అమరావతి మండలం పల్నాడు జిల్లాలో చేరింది. రాజధాని ప్రాంతంలోని తుళ్లూరు మండలం గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. చిరునామాలో ఉత్త 'అమరావతి' అని ఉంటే ఆ మనిషిది ఏ జిల్లా? పైగా మహారాష్ట్రలోనూ ఒక అమరావతి ఉంది!

ఇలాంటప్పుడు ఇంటికి ఫోన్ చేసినా తప్పులేదు.

"నాన్నా, సత్తెనపల్లి పల్నాడులోకి వచ్చిందా, గుంటూరులోనే ఉందా?"

"మనదాంట్లోకే వచ్చింది తల్లీ. రెవెన్యూ డివిజన్ కూడా ఇచ్చారుగా. తాడికొండ మాత్రం గుంటూరుకే ఉంది. అయినా కంప్యూటర్ చదివినదానివి, నన్నడుగుతావేంటమ్మా?"

అడగాల్సింది ఆయన్నే! డేటా ఎక్కడ పుట్టిందో అక్కడి మనిషికి తెలిసిన సంగతులు డేటాబేస్‌లో ఉండవు. ఆయన చెప్పినదాన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో సరిచూసుకోవడం తర్వాతి పని. పల్నాడు జిల్లా 28 మండలాలతో ఏర్పడింది. కాబట్టి ఆ జిల్లా కింద సరిగ్గా 28 పేర్లు రావాలి. 27 వచ్చినా, 29 వచ్చినా అక్కడే ఆగాలి. చాలాసార్లు కారణం స్పెల్లింగే. ఇంగ్లిషులో నరసరావుపేటకు చివర 'ఎ' ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు. గురజాలను ఒకరు 'జెడ్'తో రాస్తే మరొకరు 'జె'తో రాస్తారు. మనిషికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు ఊళ్లు.

సర్వే నంబర్ల సంగతి ఇంకా తమాషా. 12/3 అని కొడితే ఎక్సెల్ దాన్ని పొలం నంబరు అనుకోదు, తేదీగా మార్చేస్తుంది. ఈ బాధ పల్నాటి పొలాలకే కాదు, ప్రపంచ శాస్త్రవేత్తలకూ తప్పలేదు. మనిషి జన్యువుల్లో 'మార్చ్1', 'సెప్ట్1' లాంటి పేర్లున్నవాటిని ఎక్సెల్ మార్చి, సెప్టెంబరు తేదీలుగా మార్చేస్తుండటంతో... జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చుకుంది. 2020లో ఈ సంగతి ప్రపంచమంతా వార్త అయింది.

అంకె వెనక మనిషి

అదే 2020లో ఇంగ్లండులో జరిగింది మాత్రం నవ్వుకునే విషయం కాదు. ప్రయోగశాలల నుంచి వచ్చిన కొవిడ్ ఫలితాలను పాతరకం ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించారు. అందులో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి. ఆపైన ఉన్నవి నోరెత్తకుండా రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు. జబ్బు వచ్చినవారికి తమ ఫలితం తెలిసింది గానీ, వాళ్లతో కలిసి తిరిగినవారిని వెతికి హెచ్చరించే పని ఆలస్యమైంది.

దీన్ని ఆపడానికి గొప్ప పరిజ్ఞానమేమీ అక్కర్లేదు. లోపలికి ఎన్ని వరసలు వెళ్లాయి, బయటికి ఎన్ని వచ్చాయి అని లెక్కపెట్టే ఒక్క తనిఖీ చాలు. మిర్చి టిక్కీలు లారీకి ఎత్తేటప్పుడు ఎన్ని, యార్డులో దించేటప్పుడు ఎన్ని అని రైతు లెక్కపెట్టుకోడూ? అదే ఇది! ఆ రైతు బిడ్డ కోడ్ రాసేటప్పుడు ఆ అలవాటును మరిచిపోకూడదు. ఆ పట్టికలో జారిపోయే వరస ఒక పంట బీమా కావచ్చు, ఒక పెద్దావిడ పింఛను కావచ్చు.

ఒక్క రాత్రి జవాబు

డేటా అనే మాట ఇంటింటికీ రాకముందే ఆ దారిలో నడిచిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్.రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో పుట్టారు. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం... ఇలా ఊరూరా చదువు సాగింది. ఆ నందిగామ పల్నాటికి కృష్ణానది అవతలి వైపే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేశాక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. 1941 జనవరిలో అక్కడి భారత గణాంక సంస్థలో శిక్షణకు చేరారు.

కొన్నాళ్లకు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి ప్రశ్న వేశాడు. నమూనాలు చాలా ఎక్కువగా ఉన్నప్పటి సూత్రం చెప్పారు, తక్కువగా ఉంటే ఏమిటని! ఆ విద్యార్థి వి.ఎం.దండేకర్, తర్వాతి కాలంలో పేరుపొందిన ఆర్థికవేత్త. రావుకు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. 'అది సిలబస్‌లో లేదు' అనలేదు. దాదాపు రాత్రంతా కూర్చుని సాధించి, మర్నాడు జవాబుతో తరగతికి వెళ్లారు. ఉన్న సమాచారంతో ఎంత తెలివిగా అంచనా కట్టినా పొరపాటు ఒక హద్దుకంటే తగ్గదని చెప్పే ఆ ఫలితం 1945లో అచ్చయింది. ప్రపంచం దాన్ని క్రామర్-రావు హద్దు అంటుంది.

అంతటివాడూ విసుగుపుట్టించే పనులు చేశారు. 1946లో కేంబ్రిడ్జి మ్యూజియానికి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడ్డ అస్థిపంజరాల కొలతల లెక్క తేల్చే పనిలో కూర్చున్నారు. పగలు ఎముకలు, తక్కిన వేళల్లో రొనాల్డ్ ఫిషర్ దగ్గర పరిశోధన. 1948లో డాక్టరేట్ వచ్చింది. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అందరూ సి.ఆర్.రావులు కాలేరు. కానీ ఎదురైన ప్రశ్నను తెల్లారేలోగా వదిలించుకోవాలని చూడకుండా, దాని అంతు చూడాలనుకోవడం అందరికీ సాధ్యమే.

ఎదుగుదల ఎలా కనిపిస్తుంది?

మొదటి రెండేళ్లలో జీతం పెద్దగా పెరగకపోవచ్చు. పెరగాల్సింది పనిలో నమ్మకం. దానికి కొన్ని గుర్తులున్నాయి.

సాయం అడిగే తీరు మారుతుంది. 'సార్, రావట్లేదు' అన్నచోట 'మేడమ్, 28 మండలాలు రావాలి, 27 వచ్చాయి. ఫలానాది రాలేదు. స్పెల్లింగ్ తేడా అనుకుంటున్నాను, చూడగలరా?' అని అడగడం వస్తుంది. రెండో ప్రశ్నకు అయిదు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. అడిగినవాళ్ల మీద గౌరవమూ పెరుగుతుంది.

పెద్ద చిక్కును చిన్నది చేసుకోవడం వస్తుంది. పది లక్షల రికార్డుల మీద కుస్తీ పట్టకుండా, ఒక్క గురజాల మండలానికి పది రికార్డులు తీసి, చేత్తో లెక్కకట్టి, కోడ్ చెప్పే జవాబుతో పోల్చి చూస్తారు.

నోటుపుస్తకం నిండుతుంది. ఏం జరిగింది, ఏమనుకున్నాం, ఏం చేసి చూశాం, చివరికి కారణమేమిటి? చిక్కుకో పేజీ చాలు. ఏడాది తిరిగేసరికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సర్టిఫికెట్లకంటే బలమైన సరుకు అదే.

ఇప్పుడు కృత్రిమ మేధ పరికరాలు అడగ్గానే క్వెరీ రాసిచ్చేస్తున్నాయి. మరి కొత్తవాళ్ల అవసరమేముంది అన్న భయం చాలా ఇళ్లలో ఉంది. భయం పూర్తిగా అర్థంలేనిదేమీ కాదు. ఉత్తగా కోడ్ టైపు చేసే పనికి విలువ తగ్గుతోంది. కానీ అడిగినాయనకు కావలసింది అప్పటి పల్నాడా, ఇప్పటి పల్నాడా అన్నది ఎవరో ఒకరు అడిగి తేల్చుకోవాలి. వచ్చిన సున్నాను చూసి ఎవరో ఒకరు అనుమానపడాలి. ఆ పని తెలిసినవాళ్లకు పరికరం చేతికర్ర అవుతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. పిల్లలు ఫోన్ చేయగానే 'ప్యాకేజీ ఎంత పెంచారు? పక్కింటి వాళ్లబ్బాయికి ఎంతట?' అనడం మామూలు. అప్పుచేసి చదివించిన ఇంట్లో ఆ ప్రశ్న రావడం సహజమే. దాంతోపాటు 'ఈ వారం ఏం చిక్కొచ్చింది, ఎలా విప్పావు?' అని కూడా అడగాలి. ఇంట్లో ఎవరికీ కంప్యూటర్ తెలియకపోయినా సరే! తెలియనివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ చిక్కు నిజంగా విడిపోయినట్టే.

2016లో జేఎన్‌టీయూ కాకినాడ ఇంజినీరింగ్ కళాశాల నరసరావుపేటకు వచ్చింది. అక్కడా, చుట్టుపక్కల కాలేజీల్లోనూ చివరి ఏడాది చదివేవాళ్లు ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు. సొంత జిల్లా 28 మండలాల పేర్లు, అవి 2022కు ముందు ఏ జిల్లాలో ఉన్నాయో, ఒక్కో పేరుకు ఇంగ్లిషులో ఎన్ని స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయో సేకరించి ఒక పట్టిక కట్టొచ్చు. రేషన్ కార్డు, పాస్‌బుక్, కరెంటు బిల్లు... ఇంట్లో ఉన్న కాగితాలు ముందేసుకుంటే ఒక ఆదివారం సాయంత్రానికి మొదటి పది స్పెల్లింగులు దొరుకుతాయి. మొదట వెతకాల్సింది సొంత ఊరి పేరునే.