బోరు లెక్క నేర్పని బడి ఏ మార్పుకు తయారు చేస్తుంది?

పిల్లల్ని, అయ్యవార్లను మారుతున్న ప్రపంచానికి తయారు చేయాలని ఢిల్లీ నుంచి అమరావతి దాకా ఒకటే మాట. 2020 జాతీయ విద్యా విధానంలో ఇది రాసే పెట్టినారు. 2025 నాటికి చదువుకునే వాళ్లలో కనీసం సగం మందికి వృత్తి విద్యతో పరిచయం కావాలన్నారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు పుస్తకాల సంచి లేకుండా పది రోజులు స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలన్నారు. టీచర్లకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలన్నారు. మన రాష్ట్రంలో 2024 జూన్‌లో ముఖ్యమంత్రి పెట్టిన మొదటి ఐదు సంతకాల్లో ఒకటి నైపుణ్య గణనకే పోయింది. మంచిదే. వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో మెట్ట సేద్యం చేసే మేం అడిగేది ఒక్కటే. మారుతున్న ప్రపంచం అంటున్నారే, అందులో మా ఊరు ఉందా?

మాకు తెలిసిన మార్పు ఇది. మా నాయనలు కపిల తోలిన బావులు ఎండినాయి. బోర్లు వచ్చినాయి, అవి వందల అడుగుల్లోకి దిగినాయి. పాపాఘ్ని ఒడ్డున ఉండి కూడా ఏట్లో నీళ్లు చూసేది ఏడాదిలో కొన్నాళ్లే. శెనక్కాయ వేసిన చేలలో చీనీ, అరటి వచ్చినాయి. వాన పడే రోజులు తగ్గి, పడిన రోజు కయ్యలు తెగేంత పడతావుంది. పంట పేరు ఈ-క్రాప్‌లో సరిగా ఎక్కకపోతే ఇన్సూరెన్సూ లేదు, ఇన్‌పుట్ సబ్సిడీ లేదు. మా సంఘంలో ఒక రైతు చీనీ పెట్టుకుంటే కాగితంలో శెనక్కాయ అని ఎక్కింది. దాన్ని దిద్దించుకోవడానికి ఒక సీజనంతా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగినాడు. ఇంట్లో ఇంటర్ చదివిన కొడుకున్నాడు. ఆ పిల్లోనికి సర్వే నంబరు సబ్‌డివిజన్ అంటే ఏందో, అడంగల్ ఎట్లా చదవాలో బడిలో ఎవరూ చెప్పలేదు.

బళ్లకు వచ్చిన మార్పేందో కూడా చూద్దాం. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబులు పంచినారు. అందులో బైజూస్ పాఠాలు పెట్టినారు. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా విచారణకు పోయింది. అదే 2022లో ఆగస్టు నుంచి అయ్యవార్లు పొద్దున్నే ఫోనుకు ముఖం చూపించి హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. టీచరుకు కొత్త నైపుణ్యం అంటే ఇదేనా? పాఠం చెప్పే మనిషిని ఫొటోలు ఎక్కించే గుమస్తాను చేసి, 50 గంటలు కూర్చోబెట్టి ఇంకో యాప్ ఎట్లా వాడాలో చెప్తే దానికి శిక్షణ అని పేరు.

ఇక మా మండలంలోనే ఇడుపులపాయలో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ సంగతి. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కూలోళ్ల పిల్లలు, ఐదెకరాల మెట్ట రైతు పిల్లలు పదో తరగతి మార్కులతో సీటు తెచ్చుకొని, ఆరేండ్లు అక్కడే ఉండి ఇంజనీర్లయి బయటికొస్తున్నారు. ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు పాయింట్లు ఇచ్చి తీసుకునే చోటు అది. అయితే అక్కడ కంప్యూటర్ సైన్సు ఉంది, ఎలక్ట్రానిక్స్ ఉంది, సివిల్, మెకానికల్, కెమికల్, మెటలర్జీ ఉన్నాయి. వ్యవసాయ ఇంజనీరింగ్ కావాలంటే మాత్రం మడకశిరకో బాపట్లకో పోవాల. గోడకు అవతల సెన్సర్ల గురించి చదివే పిల్లలున్నారు. ఇవతల వేరు దగ్గర తడి ఎంతుందో తెలియక అందాజుగా మోటారు వేసే రైతులున్నారు. ఆ పిల్లలను పరీక్ష మార్కుల కోసమైనా మా చేలలోకి పంపింది మేం చూసినంతలో లేదు.

ఇదంతా కుదరని పని అనుకునే వాళ్లకు మన సీమలోనే జరిగినదాన్ని గుర్తు చేయాల. 2003 తర్వాత కొన్నేండ్లు కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ‘ఏపీఫామ్‌జీఎస్’ అనే పథకం నడిచింది. పేరు నోరు తిరగదు గానీ పని సులువు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా, వందల పల్లెల్లో రైతులే వానమాపకాలు పెట్టుకున్నారు. పదిహేను రోజులకొకసారి బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో టేపు దించి చూసి, ఊర్లో బోర్డు మీద రాసినారు. రబీకి ముందు అందరూ కూర్చొని, భూమిలోకి దిగిన నీళ్లెన్ని, మనం వేయబోయే పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క కట్టినారు. రైతు నీటి బడులని పెట్టుకున్నారు. ఎవరి పంటా ఎవరూ నిషేధించలేదు. లెక్క బోర్డు మీద కనపడేసరికి చాలా చోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినారు. ఆ లెక్క కట్టిన వాళ్లలో బడి మొఖం సరిగా చూడని ఆడోళ్లూ మగోళ్లూ ఉన్నారు. పథకం డబ్బు ఆగినాక ఏ ప్రభుత్వమూ దాన్ని ఊరూరికీ తీసుకుపోలేదు.

ఆ లెక్క ఎంత కష్టమో ఇక్కడే చేసి చూద్దాం. ఎకరా నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్లు. బోరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటు నిజంగానే ఇస్తే (కాగితం మీద ఇస్తూనే ఉన్నారు) రోజుకు 64,800. నూట ఇరవై రోజులకు సుమారు 78 లక్షల లీటర్లు. వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాల, అంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. శెనక్కాయకు దాదాపు 500 చాలు, ఎకరాకు 20 లక్షలు. అదే బోరుతో ఒకటిన్నర ఎకరా వరి పండుతుంది, లేదా దాదాపు నాలుగెకరాల శెనక్కాయ. ఇది ఏడో తరగతి లెక్క. గుణకారం, భాగహారం తప్ప ఇంకేమీ లేదు. ఇదే లెక్క రాక, అప్పు తెచ్చి మూడో బోరు, నాలుగో బోరు వేసి మునిగిపోయిన ఇండ్లు ప్రతి పల్లెలో ఉన్నాయి. మన పిల్లోళ్లు మాత్రం తొట్టెకు ఒక కొళాయి నింపుతా ఉంటే ఇంకో కొళాయి ఖాళీ చేసే లెక్కలు చేస్తావున్నారు. ఆ తొట్టె ఎవరిదో ఎవరికీ తెలియదు.

‘అయితే రైతు బిడ్డను రైతుగానే ఉంచమంటారా’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 1953లో మన కడప ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె పిల్లలకు ఒక పూట బడి, ఇంకో పూట తల్లిదండ్రుల కులవృత్తి అన్నాడు. పెరియార్ మొదలుకొని చాలామంది దాన్ని ఎదిరించినారు. 1954లో కామరాజ్ వచ్చి రద్దు చేసినాడు. రద్దు చేయడమే సరి. మేం అడిగేది ఆ చదువు కాదు. తాసిల్దారు కూతురికైనా, మాదిగవాడలో కౌలుదారు కొడుక్కైనా ఒకే తరగతిలో ఒకే నీటి లెక్క, ఒకే భూమి రికార్డు, ఒకే మార్కెట్ లెక్క రావాల. రేపు బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లకు కూడా అది పనికొస్తుంది. అక్కడ నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసేది ఆ పిల్లే కదా.

టీచర్లకు పైనుంచి తయారుచేసిన పాఠం వద్దు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టూ పల్లెల్లో చిన్న బడులు పెట్టి, ఒకే గదిలో అన్ని తరగతులకు పనికొచ్చే కార్డుల పద్ధతి తెచ్చినారు. పల్లె కథలు, పాటలు, బొమ్మలాటలతో ఆ కార్డులు తయారు చేయడంలో అక్కడి టీచర్ల చేయి ఉంది. చెన్నై కార్పొరేషన్ బడులు అక్కడ నేర్చుకొని, తర్వాత తమిళనాడంతా ఆ దారి పట్టింది. పక్క రాష్ట్రానికి పనికొచ్చిన మన సీమ పని మన జిల్లా పరిషత్తు హైస్కూలుకు ఎందుకు పనికిరాదు? ఏటా ఇచ్చే 50 గంటల్లో 15 గంటలు అయ్యవార్లను ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి, చేలకు పంపండి. వాళ్లే పాఠం రాసుకుంటారు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. కాబట్టి సంఘం సభ్యులు వచ్చే కమిటీ సమావేశంలో ఈ విషయాలు పెట్టించండి: బడి ఆవరణలో వానమాపకం, నెలకు రెండుసార్లు పిల్లలతో ఊరి బోర్ల లోతు కొలిపించి గోడ మీద రాయించడం, సంచి లేని పది రోజుల్లో రెండు రోజులు రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్, అడంగల్ చదవడం. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలను మన పల్లెలకు పంపమని అడిగే వినతిపత్రం సంఘం తరఫున మేం రాస్తున్నాం. దానితో జతచేయడానికి ప్రతి బడి తీర్మానం నకలు కావాల. రబీ విత్తనానికి ముందే అందేలా చూడండి. నకలు మీద హెడ్మాస్టరు సంతకం, తేదీ వేయించుకోవడం మరవొద్దు.