మన జిల్లా కన్నా చిన్న దేశాలు గెలిచాయి, మనకేం తక్కువ?



వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించి, పోటీ పరీక్షల గురించి, ఉద్యోగాల గురించి రాయడం ఆనవాయితీ. అవి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. హాస్టల్ అన్నం తిని బయటికి వెళ్లిన మేము ఈసారి ఒక ఆట గురించి రాయాలనుకున్నాం. అది కబడ్డీ కాదు, వాలీబాల్ కాదు. మన మోత్కూర్ వైపు పెద్దగా ఎవరూ ఆడని బాస్కెట్‌బాల్. "ఎక్కడో యూరప్ వాళ్ల ఆటతో మనకేం పని అన్నా?" అని మీరు అడగవచ్చు. పని ఉంది. కొంచెం ఓపికగా చదవండి.

యూరప్ దేశాల జాతీయ జట్ల మధ్య యూరోబాస్కెట్ అనే పోటీ జరుగుతుంది. 1935లో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో మొదలైంది. ఇప్పుడు 24 జట్లు ఆడుతున్నాయి. 2025లో ఆగస్టు 27 నుంచి సెప్టెంబరు 14 వరకు లాత్వియా, ఫిన్లాండ్, పోలాండ్, సైప్రస్ దేశాల్లో ఈ పోటీలు జరిగాయి. లాత్వియా రాజధాని రీగాలో జరిగిన ఫైనల్లో జర్మనీ 88-83తో టర్కీని ఓడించింది. జర్మనీ పెద్ద దేశం, డబ్బున్న దేశం. అది గెలవడంలో ఆశ్చర్యం లేదు అనుకుందాం. కానీ పాత విజేతల పట్టిక చూస్తే మాత్రం ఆశ్చర్యం కలగక మానదు.

1935లో గెలిచింది లాత్వియా. 1937లో, 1939లో, మళ్లీ 2003లో గెలిచింది లిథువేనియా. 2017లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచింది స్లొవేనియా. ఈ దేశాల జనాభా ఎంతో తెలుసా? లాత్వియాలో 20 లక్షల లోపు. స్లొవేనియాలో సుమారు 21 లక్షలు. లిథువేనియాలో 30 లక్షల లోపు. ఇప్పుడు మన లెక్క చూసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా 34 లక్షల 88 వేలు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాది 40 లక్షల 53 వేలు. అంటే 2016లో మూడు జిల్లాలుగా విడిపోయిన మన పాత నల్లగొండ జిల్లా ఒక్కటే ఈ మూడింటిలో ఏ దేశం కన్నా పెద్దది! మరి వాళ్లకు ఉన్నదేమిటి, మనకు లేనిదేమిటి?

మా అభిప్రాయం ఒక్కటే. ఆట రక్తంలో ఉండదు, ఏర్పాటులో ఉంటుంది.

లిథువేనియానే చూడండి. 1937లో గెలిచాక తర్వాతి పోటీలు నిర్వహించే అవకాశం ఆ దేశానికే వచ్చింది. ఆడటానికి సరైన చోటు లేదు. అప్పుడు కౌనస్ నగరంలో బాస్కెట్‌బాల్ కోసమే ఒక పెద్ద హాలు కట్టారు. 1939లో సొంత జనం ముందు మళ్లీ గెలిచారు. మరుసటి ఏడే ఆ దేశాన్ని సోవియట్ యూనియన్ తనలో కలుపుకుంది. దేశం పేరు పోయినా ఆట మాత్రం పోలేదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన సోవియట్ జట్టులో కీలకమైన ఆటగాళ్లు నలుగురు లిథువేనియా వాళ్లే. 1990లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు వెళ్లడానికి చేతిలో డబ్బు లేదు. అమెరికాలోని గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందం సాయం చేసింది, రంగురంగుల టీషర్టులు కూడా ఇచ్చింది. ఆ టీషర్టులు వేసుకునే వాళ్లు కాంస్య పతకం అందుకున్నారు. చందాలతో టోర్నమెంటుకు పోయిన అనుభవం మనలో ఎవరికి లేదు? వాళ్లూ అలాగే పోయారు. కాకపోతే వాళ్ల వెనుక యాభై ఏళ్ల ఏర్పాటు ఉంది.

"వాళ్లు ఎత్తుగా ఉంటారు కదా" అని కొందరంటారు. నిజమే, ఈ ఆటకు ఎత్తు కావాలి. కానీ ఎత్తు పూర్తిగా పుట్టుకతోనే రాదు. చిన్నప్పుడు కంచంలో ఏం పడిందన్నది కూడా అందులో ఉంది. పప్పు నీళ్లుగా, గుడ్డు అప్పుడప్పుడు వచ్చే మెస్‌లో పెరిగిన పిల్లవాడిని ఎత్తు లేడని తప్పు పట్టడం న్యాయం కాదు. 2024లో మన రాష్ట్రంలో హాస్టల్ డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. 3 నుంచి 7వ తరగతి వరకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1330 అయింది. సంతోషమే. అయితే ఆ పెరిగిన రూపాయి పిల్లల కంచం దాకా వస్తోందా అని చూడాల్సింది మనమే. ఇక ఎత్తు ఒక్కటే ఉన్నా చాలదు. పంజాబ్ పల్లెలో పుట్టిన రైతు కొడుకు సత్నాం సింగ్ ఏడడుగులు దాటిన మనిషి. లూధియానా అకాడమీలో శిక్షణ దొరికింది కాబట్టే 2015లో అమెరికా ఎన్‌బీఏ జట్టు ఎంపిక చేసుకున్న మొదటి భారతీయుడయ్యాడు.

ఇంకో మాట ఉంది. అది మన గుండెకు దగ్గరి మాట. 2025 పోటీల్లో గ్రీసుకు కాంస్యం తెచ్చిన యానిస్ అడెటొకున్‌బో ఎవరో తెలుసా? నైజీరియా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు 1994లో ఏథెన్స్‌లో పుట్టాడు. అన్నదమ్ములు వీధుల్లో వాచీలు, కళ్లద్దాలు అమ్మారు. ఇద్దరికీ ఒకే జత బూట్లు. ఒకడు ఆడి వచ్చాక ఇంకొకడు వేసుకునేవాడు. గ్రీసులోనే పుట్టినా 18 ఏళ్లు వచ్చేదాకా ఆ దేశ పౌరసత్వం లేదు. 2013లో ఇచ్చారు. అప్పుడు కూడా "వీడు మనవాడు కాదు" అని దూషించిన రాజకీయ నాయకులున్నారు. ఈ రోజు ఆ దేశం జెండా మోసేది ఆయనే.

జర్మనీ కెప్టెన్ డెనిస్ ష్రోడర్ సంగతి కూడా వినండి. ఆయన తల్లి గాంబియా దేశస్థురాలు. 2025 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో లిథువేనియాతో మ్యాచ్ జరుగుతుంటే, ప్రేక్షకుల్లోంచి ఆయనను చూసి కోతి అరుపులు అరిచారు. మనం ఇంతసేపు మెచ్చుకున్న లిథువేనియా మ్యాచే అది. ఆట తెలిసిన దేశాలన్నీ మనిషిని గౌరవించడం నేర్చుకున్నాయని అనుకోవద్దు. ష్రోడర్ ఊరుకోలేదు. బయటికి చెప్పాడు. నిర్వాహకులు విచారించి బాధ్యుడిని పోటీల నుంచి నిషేధించారు. రెండు వారాల తర్వాత ఫైనల్లో జట్టు చివరి ఆరు పాయింట్లు వేసింది ష్రోడరే. మొత్తం పోటీల్లో ఉత్తమ ఆటగాడూ ఆయనే. అవమానం ఎదురైతే మింగవద్దు, ఆటనూ వదలవద్దు. కులం పేరుతో మాటలు పడ్డ మనకు ఈ రెండూ తెలియాలి.

ఇవన్నీ దూరం దేశాల కథలంటారా? అయితే మన జిల్లాకే వద్దాం. భువనగిరి గుట్టను మనం బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూడలేదు! సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ గుట్ట మీదే రాళ్లెక్కడం నేర్చుకున్నారు. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడ్డారు. గుట్ట ఎప్పటినుంచో ఉంది. మన పిల్లలూ ఎప్పటినుంచో ఉన్నారు. తాడు పట్టుకుని నేర్పే గురువు, పంపించే అధికారి కలిసిన రోజు అది జరిగింది. దాన్నే మేము ఏర్పాటు అంటున్నాం.

ఇక బాస్కెట్‌బాల్‌కు కావలసిన ఏర్పాటు ఎంత? 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో పిల్లలు లోపలే ఆడుకోవడానికి పది అడుగుల ఎత్తున రెండు పండ్ల గంపలు కొట్టించి ఈ ఆట మొదలుపెట్టాడు. గంపలతో పుట్టిన ఆట ఇది! ఇప్పుడు ముగ్గురేసి ఆడే పద్ధతి కూడా ఒలింపిక్స్‌లో ఉంది. దానికి ఒకే రింగు, సగం కోర్టు చాలు. టోక్యోలో పురుషుల మొదటి బంగారు పతకం గెలిచింది మళ్లీ ఆ చిన్న లాత్వియానే.

అందుకే మా విన్నపాలు ఇవి. హాస్టల్ ఆవరణలో ఒక ఇనుప స్తంభం, ఒక రింగు ఉండాలి. వెల్డింగ్ షాపులో అయ్యే పని. ఆ ఖర్చు ప్రభుత్వం మీద వేయకుండా పూర్వ విద్యార్థులం తలా ఇంత వేసుకుందాం. చాలాచోట్ల బంతి బీరువాలో ఉంటుంది, తాళం చెవి ఎక్కడో ఉంటుంది. బంతి పిల్లల చేతిలో ఉండాలి. పాతబడితే పాతబడనీయండి. పదో తరగతి వచ్చిందని సాయంత్రం ఆట గంటను స్టడీ అవర్‌కు కలపవద్దు. మార్కులు తగ్గుతాయన్న భయం మాకూ తెలుసు. మా ఇంట్లోవాళ్లూ మమ్మల్ని చదువుకోవడానికే పంపారు. కానీ ఒక గంట ఆడి వచ్చిన పిల్లవాడు పుస్తకం ముందు కునుకు తీయడు. వారానికి రెండు రోజులైనా నేర్పే మనిషి రావాలి. అది మాత్రం చందాలతో అయ్యేది కాదు, ప్రభుత్వమే చేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, బాలికల హాస్టళ్లకు కూడా ఇదంతా ఉండాలి. యూరప్‌లో ఆడవాళ్ల పోటీలు 1938లోనే మొదలయ్యాయి. మన చెల్లెళ్ల గోడ లోపల ఒక రింగు పెట్టడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

మన హాస్టల్ నుంచి రేపే జాతీయ జట్టుకు ఎవరో ఎంపికవుతారని మేము చెప్పడం లేదు. అలాంటి మాటలు వేదికల మీద చాలా విన్నాం. పిల్లవాడికి బంతి ఇవ్వకుండా వాడికి ఆట రాదని చెప్పే హక్కు ఎవరికీ లేదని మాత్రమే అంటున్నాం. 34 లక్షల మందిలో ఆడగలిగినవాళ్లు లేరంటే మేము నమ్మం. వాళ్లు ఈ సంచిక చదువుతూ ఇక్కడే, ట్రంకు పెట్టెల మధ్య కూర్చుని ఉండవచ్చు.

వచ్చే వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు ఉపన్యాసాలు తగ్గించి, ఆ రింగు కింద పూర్వ విద్యార్థులకూ మీకూ ఒక మ్యాచ్ పెట్టండి తమ్ముళ్లూ. మేము ఓడిపోతే అంతకన్నా సంతోషం మాకు లేదు.

జై భీమ్!