సూరత్ మగ్గాల లెక్క తెర మీదకు.. సరిచూసుకొనే హక్కు ఎవరిది?

సూరత్ మరమగ్గాల షెడ్లలో నేసిన గుడ్డకు లెక్క కట్టే పని చిట్టా పుస్తకం నుంచి సాఫ్ట్‌వేర్‌కు మారుతున్నది. మగ్గానికి అమర్చిన సెన్సర్ ప్రతి పేక పోగునూ లెక్కిస్తుంది. ఆ అంకె యజమాని ఫోన్‌కు చేరుతుంది. కూలీ ఎంతో దానంతట అదే తేలుతుంది. గుమస్తా రాతలో పొరపాట్లకు, మీటర్ల దగ్గర తగవులకు ఇక తెరపడుతుందన్నది ఈ పరికరాలను సమర్థించేవారి వాదన. అందులో నిజం ఉన్నది. అయితే మగ్గం నడిపేవాడి వైపు నుంచి చూస్తే మరొక ప్రశ్న మిగులుతుంది. లెక్క కచ్చితమైనదే కావచ్చు. దానిని సరిచూసుకొనే వీలు అతనికి ఉన్నదా?

ఈ ప్రశ్న తెలుగువారికి పరాయిది కాదు. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే బతుకుతెరువు కోసం సూరత్‌కు తరలివెళ్లాయి. లింబాయత్, ఉధ్నా పరిసరాలలో వారి నివాసాలు ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉండటమే ఆ వలస ఎంత పాతదో చెబుతుంది. ఇప్పుడు మగ్గాల మీద ఎక్కువగా కనిపించేది ఒడిశాలోని గంజాం జిల్లా కార్మికులు. అయినా నేతలో, దాని అనుబంధ పనులలో తెలుగువారి చేయి ఇంకా ఉన్నది.

సూరత్ ప్రధానంగా కుట్టిన దుస్తుల కేంద్రం కాదు. కృత్రిమ నూలుతో నేసే చీరలకు, డ్రెస్ మెటీరియల్‌కు అది దేశంలోనే పెద్ద నిలయం. పరిశ్రమ వర్గాల అంచనా ప్రకారం అక్కడి మరమగ్గాల సంఖ్య ఆరు లక్షలకు పైమాటే. వాటిలో అధిక భాగం చిన్న షెడ్లలో, 12 గంటల షిఫ్టులలో, మీటరుకు ఇంత అనే పీస్ రేటు మీద నడుస్తాయి. నెలజీతం, హాజరు పట్టీ అన్నవి అక్కడ తక్కువ. ఎన్ని మీటర్లు దిగితే అంత కూలీ. అందులోంచి ముందుగా తీసుకున్న ‘ఉపాడ్’ పోగా మిగిలినది చేతికి వస్తుంది.

మీటరులో దాగిన తేడా

మీటరు అనే కొలత చూడటానికి సూటిగా ఉంటుంది. నేతలో మాత్రం దానికి స్థిరమైన విలువ లేదు. నిమిషానికి 150 పేకలు వేసే మగ్గాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒక్క క్షణం ఆగకుండా నడిస్తే 12 గంటలలో అది 1,08,000 పేకలు వేస్తుంది. అంగుళానికి 60 పేకలు ఉండే గుడ్డయితే ఆ షిఫ్టులో సుమారు 45.7 మీటర్లు దిగుతుంది. అదే మగ్గం మీద అంగుళానికి 72 పేకల చిక్కని గుడ్డ ఎక్కిస్తే దిగేది 38.1 మీటర్లే. మనిషి శ్రమ, నిలబడిన గంటలు, మగ్గం వేగం ఏవీ మారలేదు. మీటర్లు మాత్రం ఆరింట ఒక వంతు తగ్గాయి. రకం మారినప్పుడు మీటరు రేటు తగినంత పెరగకపోతే నష్టం కార్మికుడిదే. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో, ఎంత పెంచారో అతనికి నోటిమాటగా తప్ప తెలిసే మార్గం చాలాచోట్ల ఉండదు.

సిరిసిల్లలో ఈ చిక్కును కొంతవరకు పాత పద్ధతే విప్పింది. అక్కడ ‘సాంచె’ల మీద పనిచేసేవారి కూలీని పిక్కుల లెక్కన, అంటే పేకల సంఖ్యను బట్టి, ఆసాములు, కార్మిక సంఘాలు కూర్చొని ఒప్పందంగా రాసుకొనే ఆనవాయితీ ఉన్నది. రేటు మీద సమ్మెలు జరగవని కాదు, జరుగుతూనే ఉంటాయి. కానీ గొడవ దేని మీదో ఇరుపక్షాలకూ తెలుసు. సూరత్‌లో సెన్సర్ లెక్కించేదీ పేకలనే. దానిని మీటర్లుగా, మీటర్లను రూపాయలుగా మార్చే సూత్రం మాత్రం సాఫ్ట్‌వేర్ లోపల ఉంటుంది. అంగుళానికి ఎన్ని పేకలని నమోదు చేశారు, మగ్గం మీద బిగువుగా ఉన్నప్పటి పొడవా లేక దించిన తరువాత కొంత కుంచించుకుపోయిన పొడవా, లోపాల పేరిట ఎంత కోశారు అన్న వివరాలన్నీ ఒక సెట్టింగుల పేజీలో ఉంటాయి. ఆ పేజీ తాళం ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు విషయం.

దీనికి దాదాపు అచ్చంగా ఇలాంటి తగవును లాంకషైర్ నేతగాళ్లు పందొమ్మిదో శతాబ్దం చివరలోనే చూశారు. అక్కడా పీస్ రేటే; అక్కడా తాను పొడవు, పోగుల సాంద్రత యజమాని చెప్పినదే లెక్క. 1891లో బ్రిటన్ పార్లమెంటు ఫ్యాక్టరీల చట్టంలో ఒక నిబంధన చేర్చింది. తన కూలీ ఎంతో తానే లెక్కవేసుకోవడానికి సరిపడే వివరాలను నేత కార్మికుడికి రాతపూర్వకంగా ఇవ్వడం దానితో తప్పనిసరి అయింది. మరుసటి ఏడాది, 1892లో, గుడ్డ వెడల్పు, పేకల సంఖ్య వంటివాటిని బట్టి రేటు తేల్చే ఉమ్మడి ధరల పట్టిక లాంకషైర్‌లో కుదిరింది. ఆ నిబంధనను అమలు చేయించే తనిఖీ అధికారిగా నియమితుడైన థామస్ బర్ట్‌విజిల్ అంతకుముందు నేత కార్మికుల సంఘం కార్యదర్శి. మగ్గం లెక్కలు తెలిసినవాడినే తనిఖీకి పంపారన్నమాట.

1901 నాటి చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. పనిని లెక్కించడానికి యంత్ర సూచికను వాడితే, దాని లోపలి చక్రాలకు ఎన్ని పళ్లు ఉన్నాయో, నడిపే రోలరు వ్యాసం ఎంతో ఆ సూచిక పెట్టె మీదనే చెక్కి ఉండాలని ఆదేశించింది. పళ్ల సంఖ్య తెలిస్తే ఎవరైనా లెక్క సరిచూడవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు పళ్ల చక్రాలు ఉండవు. వాటి స్థానంలో ఉన్నవి పైన చెప్పిన సెట్టింగులే. వాటిని బయటికి చూపాలని సూటిగా చెప్పే నిబంధన నేటి మన వేతన స్మృతిలో లేదు.

చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

అలాగని మన చట్టాలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2019 నాటి వేతనాల స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ప్రతి యజమాని వేతన చీటీ ఇవ్వాలని అది చెబుతున్నది. ఆరోగ్య, భద్రతల స్మృతిలో ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి విద్యుత్తు వాడే చోట 20 మంది కార్మికులు ఉండాలి. వేతన స్మృతికి అటువంటి సంఖ్యా పరిమితి లేదు. పది మగ్గాల షెడ్డుకూ అది వర్తిస్తుంది. ఒకే షెడ్డును రెండు మూడు పేర్లతో విడదీసి చట్టం కంట పడకుండా చూసుకుంటారన్న పాత ఆరోపణ ఉన్న నగరంలో ఇది చిన్న విషయం కాదు. కూలీ చెల్లించలేదని దావా వేస్తే, చెల్లించామని రుజువు చేసే భారం యజమానిదేనని ఆ స్మృతి 59వ సెక్షన్ పేర్కొన్నది. అన్ని రకాల కోతలూ కలిపి వేతనంలో సగానికి మించరాదు. నష్టం పేరిట కోత వేసే ముందు కార్మికుడి సంజాయిషీ వినాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది 12వ సెక్షన్. పీస్ రేటు పనికి విడిగా కనీస రేటు నిర్ణయించకపోతే, కాలాన్ని బట్టి నిర్ణయించిన కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వరాదని దాని సారాంశం. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ ఈ సూత్రం ఉన్నది. కానీ మీటర్లు తప్ప గంటలు రాయని చోట దానిని ఎవరూ అమలు చేయలేకపోయారు. ఈ మనిషి ఎన్ని గంటలు నిలబడ్డాడో తెలియనిదే మీటర్ల కూలీ కనీస వేతనాన్ని అందుకున్నదో లేదో ఎలా చెప్పగలం?

సాఫ్ట్‌వేర్ ఇక్కడ నిజంగా ఉపకరించగలదు. మగ్గం ఎప్పుడు నడిచింది, ఎప్పుడు ఆగింది అన్న సమయం దానికి తెలుసు. రోజుకు 12 గంటల చొప్పున వారానికి ఆరు రోజులంటే 72 గంటలు. 2025లో గుజరాత్ శాసనసభ రోజు పనిని 12 గంటల వరకు అనుమతిస్తూ సవరణ చేసినప్పుడు కూడా వారానికి 48 గంటల పరిమితిని ఉంచింది. మిగిలిన 24 గంటలకు రెట్టింపు వేతనం రావలసి ఉంటుంది. కోవిడ్ కాలంలో ఓవర్‌టైమ్‌కు మామూలు రేటు చాలునని గుజరాత్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులను సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న కొట్టివేసింది కూడా. కోర్టు తీర్పు ఎంత గట్టిదైనా, గంటల లెక్క కాగితం మీద లేని షెడ్డులోకి అది ప్రవేశించలేదు. ఇప్పుడు ఆ లెక్క తయారవుతున్నది. కార్మికుడి చీటీలోకి వస్తుందా అన్నది తేలవలసి ఉన్నది. చీటీ ఏ రూపంలో ఉండాలన్నది స్మృతి నిబంధనలకు వదిలిపెట్టింది. చేసిన గంటలు, నేసిన పేకలు, రకంవారీ రేటు, కోతల కారణం అన్న నాలుగు గడులు అందులో ఉంటే చాలా తగవులు షెడ్డు గుమ్మం దగ్గరే తీరిపోతాయి.

ఆగిన మగ్గం సంగతి మరొకటి. పడుగు తెగినా, కరెంటు పోయినా, కొత్త బీము రావడం ఆలస్యమైనా, మరమ్మతు మాస్టరు దొరకకపోయినా పీస్ రేటు కార్మికుడికి ఫలితం ఒక్కటే: మీటర్లు తగ్గుతాయి. మగ్గం ఎందుకు ఆగిందో నమోదు చేయడానికి ఈ వ్యవస్థలలో మీటలు, సంకేత సంఖ్యలు ఉంటాయి. ‘బీము లేదు’ అని నమోదైతే తప్పు యాజమాన్యానిది. ‘కార్మికుడు లేడు’ అని నమోదైతే అతనిది. ఆ మీట నొక్కేది సూపర్‌వైజరు అయినప్పుడు, తెర మీద భాష హిందీయో గుజరాతీయో ఇంగ్లిషో అయినప్పుడు, గంజాం నుంచో జగిత్యాల నుంచో వచ్చిన మనిషి తన పేరిట ఏమి రాశారో చదవగలడా? ఒకరు టీకి వెళ్లినప్పుడు పక్కవాడు చూసుకున్న మగ్గం మీటర్లు ఎవరి ఖాతాలో పడతాయి? చిట్టా రోజుల్లో వీటిని కేకలు వేసుకొనైనా తేల్చుకొనేవారు.

యజమానుల ఇబ్బందులను కాదనలేం. సూరత్‌లో చాలామంది షెడ్డు యజమానులు వ్యాపారి ఇచ్చిన నూలును జాబ్ పని మీద నేసి ఇచ్చేవారే. నూలు తరుగు, లోపాల గుడ్డ వాపసు, ఆలస్యమయ్యే బిల్లులు వారి లాభాన్ని కొరుకుతుంటాయి. ఏ మగ్గం ఎంతసేపు ఊరకే ఉన్నదో కూర్చున్నచోటి నుంచే చూడగలగడం వారికి అవసరమే. అయితే ఒకసారి నమోదైన లెక్కను తరువాత మార్చితే ఆ మార్పు జాడ నిలిచి ఉండాలి. కంపెనీల ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో దిద్దుబాట్ల చరిత్ర తప్పనిసరిగా ఉండాలని కేంద్రం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్నది. ఆ నియమం కంపెనీలకు, అదీ ఖాతా పుస్తకాలకు. సూరత్ షెడ్లలో అధిక భాగం సొంత యాజమాన్యాలు, భాగస్వామ్యాలు. వాటాదారు సొమ్ము లెక్కకు ఉన్న రక్షణ కార్మికుడి మీటర్ల లెక్కకు లేదు.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆదుకుంటుందని ఆశించేవారు దానిని మరొకసారి చదవాలి. 2023 నాటి ఆ చట్టం 7వ సెక్షన్ ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకోనిస్తుంది. తన గురించి ఏమి నమోదైందో అడిగి తెలుసుకొనే 11వ సెక్షన్ హక్కు ప్రధానంగా సమ్మతితో ఇచ్చిన సమాచారానికి ముడిపడి ఉన్నది. దీనివల్ల యజమాని సమ్మతి అడగకుండా సేకరించిన మగ్గం లెక్కపై కార్మికుడికి ఆ హక్కు అందకుండా పోయే ప్రమాదం ఉన్నది. పైగా 2025 నవంబరులో వెలువడిన నిబంధనల ప్రకారం హక్కుల భాగం అమలుకు 18 నెలల గడువు ఉన్నది.

షెడ్డు బయట ఇళ్లలో చీరలకు రాళ్లు అతికించే, లేసు కుట్టే, పోగులు కత్తిరించే మహిళల దాకా ఈ సెన్సర్లు రావు. వారి ముక్కల లెక్క ఇప్పటికీ దళారి నోట్లోనే ఉన్నది.

2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర జౌళి పార్కులలో ఒకటి సూరత్ పొరుగున ఉన్న నవసారిలో, మరొకటి వరంగల్‌లో వస్తున్నాయి. వరంగల్ కాకతీయ మెగా జౌళి పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండీలకు వలస వెళ్లిన నేతన్నలను వెనక్కి రప్పించడం దాని ఆశయాలలో ఒకటిగా చెప్పారు. కొత్త పార్కులలోకి వచ్చేవి పాత సాంచెలు కావు. లెక్క పెట్టే పరికరంతో సహా కర్మాగారం నుంచి దిగే యంత్రాలు. ప్రభుత్వ భూమి, రాయితీలు పొందే ఈ యూనిట్లకు షరతులు రాసే అవకాశం రాష్ట్రాల చేతిలో ఉన్నది. పేకల సంఖ్య, రేటు చూపే తెర మగ్గం పక్కనే, కార్మికుడు చదవగల భాషలో ఉండాలన్న షరతుకు అదనపు యంత్రమేదీ అక్కరలేదు. సిరిసిల్ల ఒప్పంద పత్రాలలో ఉండే పిక్కుల రేటునే ఆ తెర మీదకు ఎక్కించవచ్చు.