పండుగ కానుక జీతానికి బదులు కాదు

రమజాన్ నెల సగం గడిచేసరికి దర్జీ దుకాణాల్లో సహరీ వేళ దాకా దీపాలు ఆరవు. కుర్తా పైజామాలు, సల్వార్ కమీజులు, పిల్లల షేర్వానీలు గుట్టలుగా పేరుకుంటాయి. చాంద్ రాత్‌లోగా తమ బట్టలు చేతికి అందాలని ప్రతి ఒక్కరూ కోరుకుంటారు. మా కుటుంబానికి కూడా అటువంటి చిన్న దుకాణం ఒకటి ఉన్నది. కటింగు మాస్టర్, ముగ్గురు కారీగర్లు, కాజాలు కుట్టి గుండీలు వేసే ఒక యువకుడు, వెరసి ఐదుగురు పనివారు. అంటే మా దుకాణంపై ఆధారపడినవి ఐదు కుటుంబాలు.

కొన్నేళ్ల క్రితం ఒక రమజాన్‌లో మేము చేసిన తప్పును ఈ నెల పాఠకుల ముందు ఉంచదలిచాము.

ఆ ఏడాది దారాలు, లైనింగు గుడ్డ, కరెంటు బిల్లు, దుకాణం అద్దె అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. బట్టలు తీసుకువెళ్లేటప్పుడు గాని మజూరీ చేతికి రాదు. అందువల్ల కారీగర్లతో, ‘లెక్కలు పండుగ తరువాత చూసుకుందాం’ అన్నాము. వారు తలలూపారు. నెలంతా దుకాణంలో ఇఫ్తారు మేమే ఏర్పాటు చేశాము. చాంద్ రాత్ నాడు ఒక్కొక్కరికి కొత్త బట్టలు, సేమ్యాలు, ఖర్జూరాలు కట్టి ఇచ్చాము. పనివారిని బాగా చూసుకున్నామనే తృప్తితో పండుగ జరుపుకున్నాము.

పండుగ మూడవ రోజున, మా వద్ద అందరికంటే ఎక్కువ కాలంగా పనిచేస్తున్న కారీగర్ మా ఇంటికి వచ్చారు. “భాభీని వెంటబెట్టుకురాలేదేం భాయ్?” అని మా ఇంటి ఇల్లాలు అడిగింది. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, భార్య చెవి కమ్మలు తాకట్టు పెట్టి పండుగ ఖర్చులు గడుపుకున్నామని, బోసి చెవులతో నలుగురిలోకి రావడానికి ఆమె మనసు ఒప్పుకోలేదని చెప్పారు. మేము నిర్ఘాంతపోయాము. జీతం ఎందుకు అడగలేదంటే ఆయన ఇచ్చిన సమాధానం ఇది: “ఇంత ప్రేమగా రోజూ ఇఫ్తారు పెడుతున్నవారిని డబ్బు ఎలా అడగను భాభీ? నోరు రాలేదు.”

మా ఔదార్యమే ఆయన నోటికి తాళం వేసింది. ఆయన హక్కును మా వద్ద ఆపుకొని, అందులో చిన్న భాగమంత విలువైన కానుకను చేతిలో పెట్టి, కృతజ్ఞతలు కూడా అందుకున్నాము.

పనివానితో పూర్తిగా పని చేయించుకొని వేతనం ఇవ్వని వానికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడన్న హెచ్చరిక హదీసులో ఉన్నది. ఈ హెచ్చరికను మనం సాధారణంగా వేతనం ఎగవేసేవారికే అన్వయిస్తాము. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న బోధన మాత్రం ఆలస్యం చేసేవారిని కూడా నిలదీస్తుంది. మద్‌యన్‌లో మూసా (అ)ను పనిలో పెట్టుకున్న పెద్దాయన ఎనిమిదేళ్ల గడువును ముందే చెప్పి, పదేళ్లు పూర్తి చేయడం ఆయన ఇష్టానికి వదిలి, తనను కష్టపెట్టదలచుకోలేదని స్పష్టం చేసిన వృత్తాంతం ఖసస్ సూరాలో ఉన్నది. అప్పులను రాసిపెట్టుకొమ్మనే ఆజ్ఞ బఖరా సూరాలో, ఖుర్ఆన్ ఆయతులన్నింటిలోనూ పొడవైన ఆయతులో ఉన్నది. షరతులు ముందే తేల్చుకోవడం, లెక్క రాసిపెట్టడం, సమయానికి చెల్లించడం: ఈ మూడింటిలో ఒక్కటీ మా దుకాణంలో లేదు.

ఆ రోజే అందరి బాకీలు తీర్చాము. కమ్మలు విడిపించడానికి అయిన అదనపు ఖర్చు కూడా మేమే భరించాము. అది దానం కాదు, మా ఆలస్యం వల్ల ఆ ఇంటికి కలిగిన నష్టం.

తరువాత పద్ధతులు మార్చుకున్నాము. ప్రతి గురువారం సాయంత్రం పీసు లెక్కన ఎవరి మజూరీ వారికి ముడుతుంది. ఒక్కొక్కరికి రెండు పుస్తకాలు, ఒకటి వారి వద్ద, ఒకటి మా వద్ద. కుట్టిన పీసులు, రేటు, తీసుకున్న అడ్వాన్సు రెండింటిలోనూ రాస్తాము. పండుగ రోజుల రేటు, రాత్రి పని, దానికి బదులు సెలవు షాబాన్ నెలలోనే మాట్లాడుకుంటాము. వారానికొక రోజు సెలవు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం పనివారి హక్కు కనుక దాన్ని కానుకగా చెప్పుకోవడం మానేశాము.

అడ్వాన్సు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బాకీ తీరేదాకా మరొక దుకాణానికి వెళ్లరాదని పనివానిని కట్టిపడేయడం ఈ వృత్తిలో మామూలు విషయంగా చెలామణి అవుతున్నది. అప్పు పేరుతో మనిషిని బంధించే వెట్టిని 1976 చట్టం నిషేధించింది. అడ్వాన్సును మేమిప్పుడు ఖర్జె హసనాగా భావిస్తాము. వెళ్లదలచినవారు వెళ్లవచ్చు, బాకీ వీలునుబట్టి తీర్చవచ్చు.

సాధారణంగా పదిమందికి తక్కువ పనివారున్న చోట ఈఎస్‌ఐ తప్పనిసరి కాదు. కాబట్టి మా వంటి దుకాణంలో కారీగర్ జబ్బుపడితే ఆ భారమంతా అతని ఇంటిమీదనే పడుతుంది. ప్రతి నెలా కొంత మొత్తం వైద్య ఖర్చులకు వేరుగా తీసిపెడుతున్నాము. అందరి పేర్లూ ఈ-శ్రమ్‌లో నమోదు చేయించాము. 2021లో మొదలైన ఈ నమోదు 16 నుండి 59 ఏళ్ల వయసున్న అసంఘటిత కార్మికుల కోసం ఉద్దేశించినది.

ఇదంతా ఖర్చు లేకుండా జరగలేదు. గురువారం నాటికి డబ్బు ఉండాలంటే కొలతలు తీసుకునేటప్పుడే సగం మజూరీ అడగవలసి వచ్చింది. కొందరు పాత ఖాతాదారులు నొచ్చుకొని వేరే దుకాణాలకు వెళ్లారు. అప్పుడు మాకొక సత్యం బోధపడింది. ఇన్నాళ్లూ ఖాతాదారులను అడగడానికి మేము పడిన మొహమాటానికి మూల్యం చెల్లించింది మా కారీగర్లే.

సోదర సోదరీమణులారా! మీకు దుకాణం లేకపోవచ్చు. ఇంట్లో పనిచేసే మనిషి, బట్టలు కుట్టే దర్జీ, ఇస్త్రీ చేసే వ్యక్తి మీ వద్ద కూడా ఉండవచ్చు. ఈసారి పండుగ ప్యాకెట్లు కట్టే ముందు లెక్కల పుస్తకం తెరవండి. ఎవరికైనా బాకీ ఉంటే ముందు అది వారి చేతిలో పెట్టండి. కానుక ఆ తరువాత ఇవ్వండి. అప్పుడే అది కానుక అవుతుంది.