రాజశేఖరం కారు మన పల్లెకొస్తుందా?



రెండు సంచికల కింద మన పల్లె చదువుల గదిలో చేరిన పుస్తకాల పట్టీ వేశాం. అంబేద్కర్ సంపుటాలు, ఫూలే 'గులాంగిరి', జాషువా ఖండకావ్యాలు, పిల్లల పుస్తకాలు. పట్టీ అడుగున, ఎవరో ఇచ్చిన అట్ట చినిగిన నవల పేరు కూడా వేశాం. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'. ఇక చూడండి! పదిహేను రోజులుగా వచ్చిన ఉత్తరాలూ ఫోన్లూ అన్నీ ఆ చివరి పేరు మీదే. ఫూలే గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఇది చూసి నాకు కొంచెం నవ్వూ, కొంచెం సిగ్గూ వచ్చాయి.

మొదట ఒక కార్యకర్త తమ్ముడి ఉత్తరం. చాలా కోపంగా రాశాడు. అంబేద్కర్ పటం కింద సినిమా పోస్టరు అంటించినట్టుంది మీ పని, వెంటనే ఆ పుస్తకం తీసి పొయ్యిలో పెట్టండి అన్నాడు. పక్క మండలం నుంచి ఒక తల్లి ఇంటరు చదివే కూతురి చేత రాయించింది (ఆ కూతురు నవ్వుకుంటూ రాసుంటుంది). ఇట్టాంటి పుస్తకాలు చదివే పిల్లలు ప్రేమలంటారు, ఆ తర్వాత కత్తులు మన ఇంటి మీదకొస్తాయి, మీకేం పోయింది అంటుంది. ఒక అంగన్‌వాడీ టీచరు ఫోన్ చేసి, "రాత్రి పదిన్నరకి గిన్నెలు తోమటం అయ్యాక నాకోసం నేను చదువుకునేది అదొక్కటే మేడం, దాన్ని కూడా ఉద్యమం తీసుకుపోద్దా?" అని అడిగింది. ఈ ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఆ పుస్తకం గురించి తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా తీశారు. రచయిత్రిది కృష్ణా జిల్లా కాజ గ్రామం. 2018లో అమెరికాలో చనిపోయినప్పుడు, అరవై దాటిన ఆడవాళ్ళు కూడా సొంత అక్క పోయినట్టు ఏడ్చారు. కథ చిన్నది. జయంతి లేనింటి పిల్ల, బామ్మతో ఉంటుంది, ఉద్యోగానికి బయలుదేరుతుంది. రాజశేఖరం పొడగరి, అందగాడు, కోటీశ్వరుడు, కారు. ఆ పిల్లకి అభిమానం ఎక్కువ, ఆయనకి మాట తక్కువ. ఈమె ఆయన్ని అపార్థం చేసుకుంటుంది, ఆయన విప్పి చెప్పడు. అంతే కథ. ఆ రోజుల్లో పెళ్ళిచూపులకొచ్చిన ప్రతి మగాణ్ణీ రాజశేఖరంతో పోల్చి చూసుకుని, చివరికి సర్దుకుపోయిన ఆడవాళ్ళు రాష్ట్రం నిండా ఉన్నారు.

నా సంగతి చెప్పకుండా ఇతరుల మీద తీర్పు చెప్పటం న్యాయం కాదు. 1995లో నేను పదో తరగతి. ఎస్సీ బాలికల హాస్టలు. మా నాయన పాలేరు, మా అమ్మ కూలి. ఊళ్ళో అద్దె పుస్తకాల కొట్టు నుంచి ఎవరో తెచ్చిన 'సెక్రటరీ' ఇరవై ఎనిమిది మంది చేతులు మారింది. చివరి ఫారం ఊడిపోయింది. అంటే కథ ఎట్టా ముగిసిందో మాలో ఎవరికీ తెలియదు! ఇక రాత్రి దీపాలార్పాక ఒక్కొక్కరూ ఒక్కో ముగింపు చెప్పేది. ఒకామె కథలో రాజశేఖరం కారేసుకుని మా హాస్టలు గేటు దగ్గరికే వస్తాడు, వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. ఇంకొకామె జయంతికి బ్యాంకు ఉద్యోగం వస్తుంది, అప్పుడు ఆయనే అర్జీ పట్టుకుని లోనుకొస్తాడు. మా ఊరి పిల్లొకతి మాత్రం, "ఆళ్ళమ్మ ఒప్పుకోదే, మనల్ని గడప ఎక్కనిస్తదా?" అంది. జయంతి మన పిల్ల అని ఆమెకెవరూ చెప్పలేదు. లేనింటి పిల్ల అంటే మన పిల్లే అనుకుంది. మేమందరం అట్టాగే అనుకున్నాం.

(ఆ పుస్తకాన్ని వార్డెన్ మేడం పట్టుకుని మమ్మల్ని ఎండలో నిలబెట్టింది. ఆ తర్వాత మూడు రాత్రులు ఆమె గదిలో దీపం ఆరలేదు.)

ఉద్యోగమొచ్చాక జిల్లా గ్రంథాలయంలో పూర్తి పుస్తకం దొరికింది. చివరికి ఇద్దరూ ఒకటవుతారు. చదివి మూసి, మా హాస్టలు పిల్లల ముగింపులే బాగున్నాయనుకున్నాను. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. ఆ కథలో ప్రేమికులకి అడ్డం వచ్చేవి డబ్బూ, అభిమానమూ, అపార్థమూ. కులం అడ్డం రాదు. ఎందుకు రాదు? కులం లేని లోకమా అది? కాదు. బీదరికమైనా సరే, ఆ గడప ఎక్కటానికి అర్హతున్న బీదరికం జయంతిది. కాబట్టి కులం పేరు ఎత్తాల్సిన పనే పడలేదు. తెలుగు నవలల్లో కులం చెప్పని మనిషి ఎవరని అడిగితే, మాలో ఎవరం కాదని చెప్పగలం. మనం కథలోకొస్తే మొదటి వాక్యంలోనే మన కులం చెప్తారు, పాలేరనో పనిమనిషనో. మన పేరు ఆ తర్వాతెప్పుడో.

ఇంకో మాట. జయంతి చేసిన ఉద్యోగం ప్రైవేటు ఉద్యోగం. ఆ సెక్రటరీ పోస్టుకి రోస్టరు లేదు! మన పిల్లలు ఉద్యోగాల్లోకొచ్చింది రిజర్వేషన్ ద్వారా, ప్రభుత్వ ఆఫీసుల ద్వారా. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ ఆ నవల వచ్చినప్పుడూ లేదు, నేటికీ లేదు. ఇప్పుడు ప్రభుత్వ పోస్టులు తగ్గి, మన పిల్లలు బీటెక్‌లు చేసి హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల ముందు నిలబడుతున్నారు. అక్కడ ఇంటిపేరు అడుగుతారు, ఊరడుగుతారు, తర్వాత ఊళ్ళో ఎటువైపని అడుగుతారు. ఈ ప్రశ్నలు రాజశేఖరం ఆఫీసులో జయంతిని ఎవరూ అడిగినట్టు లేదు.

అయితే తమ్ముడు చెప్పినట్టు పొయ్యిలో పెడదామా?

పెట్టను. కారణం మా అమ్మ. పోయిన ఎండాకాలం మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో ఒక ఇంటరు పిల్ల కూర్చుని ఈ నవల పైకి చదువుతోంది. పదిహేను మంది ఆడవాళ్ళు. ఘాటుకి దగ్గు, తుమ్ములు, మధ్యలో కథ. పిల్ల దగ్గినప్పుడల్లా "ఆగు, నీళ్ళు తాగి చదువు, ఆయనేమన్నాడో చెప్పు" అని గోల. మా అమ్మకి అక్షరం రాదు. రెండు రోజులు విని మూడో రోజు తేల్చేసింది. "ఆ పిల్ల నోరు విప్పి ఒక్కమాట అడిగితే అయిపోయేదిగా! ఆయనకి నోరు లేదు, ఈమెకి నోరు లేదు. మన కొంపల్లో అయితే మొదటి రోజే వీధిలో తేల్చుకునేవాళ్ళం." షెడ్డంతా నవ్వారు. పక్కనున్న పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నీకు తెలవదే. కూలిచ్చేవోడి ముందు నోరెత్తటం తేలికా? ఆ పిల్ల ఆయన దగ్గర జీతం తీసుకుంటంది." ఇంకొకామె, జయంతి డబ్బుకి లొంగకపోవటం తనకి నచ్చిందంది. ఇంకా పెళ్ళికాని ఒకమ్మాయి మాత్రం ఏమీ అనకుండా తొడిమలు తీస్తూ కూర్చుంది.

చెప్పండి, ఇంత మంచి చర్చ మన ఏ సభలో జరిగింది? మనం మైకు పెట్టి 'స్త్రీ విముక్తి' అన్నప్పుడు ఇదే ఆడవాళ్ళు వెనక వరుసలో కునుకుతీస్తారు. తప్పు వాళ్ళది కాదు. యజమాని దగ్గర జీతం తీసుకునే ఆడమనిషికి ఆ యజమాని ప్రేమని కాదనే స్వేచ్ఛ ఎంత ఉంటుంది అనే ప్రశ్న, ఆ షెడ్డులో చదువు రాని పెద్దమ్మ నోట వచ్చింది. ఆ పుస్తకం లేకపోతే రాదు. పుస్తకం ఆ ప్రశ్నకి జవాబు చెప్పదు, అది వేరే సంగతి. రాజశేఖరాన్ని మంచివాణ్ణి చేసేసి తప్పించుకుంటుంది. మన ఆడవాళ్ళు చూసిన యజమానుల్లో ఎందరు రాజశేఖరాలున్నారో కారంచేడు, చుండూరు చెరువుగట్లూ కాలువగట్లూ చెప్తాయి.

ఇక ఆ తల్లి భయం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కడుపుతో ఉన్న భార్యని ఆసుపత్రిలో చూపించి బయటికొస్తున్న ప్రణయ్‌ని వెనకనుంచి నరికారు. మన పిల్లాడు. చంపించాడన్న కేసులో మొదటి ముద్దాయి అమ్మాయి తండ్రి, తీర్పు రాకముందే 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అమ్మా, ఆ కత్తి ఏ నవలలోంచీ రాలేదు. కత్తి కొన్నవాళ్ళున్నారు, డబ్బిచ్చినవాళ్ళున్నారు. పిల్లల చేతిలో పుస్తకం లాక్కుంటే ఆ కత్తి మొద్దుబారదు. పిల్లలకి భయం నేర్పితే వాళ్ళు ప్రేమించటం మానరు, మనతో చెప్పటం మానేస్తారు. చెప్పని పిల్లలనే మనం కాపాడుకోలేం.

ప్రణయ్ చనిపోవటానికి దాదాపు ఆరు నెలల ముందే, 2018 మార్చి 27న, సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తీర్పిచ్చింది. ఇష్టపడి పెళ్ళి చేసుకునే ఇద్దరు వయసొచ్చిన మనుషుల జోలికి కుల పెద్దలు పోవటానికి వీల్లేదని, ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, ఇరవైనాలుగు గంటల ఫోను పెట్టమని. మీ జిల్లాలో ఆ ఫోను నంబరు ఎవరికైనా తెలుసా? కార్యకర్తలు ఎస్పీ ఆఫీసుకెళ్ళి అడగండి, రాతపూర్వకంగా అడగండి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళికి ముప్పై రోజుల ముందు నోటీసు ఆఫీసులో అంటిస్తారని కూడా పిల్లలకి తెలిసుండాలి. ఆ ముప్పై రోజులు ఎవరెవరి కళ్ళు ఆ బోర్డు మీద పడతాయో ఆలోచించుకుని ముందుగా మనలో ఒకరికి చెప్పమనండి. నవల కంటే ఈ సంగతులు చెప్పకపోవటమే మన తప్పు.

కోపం తమ్ముడికి ఒక గుర్తు. బాబాసాహెబ్ లాహోరు సభ కోసం రాసి, సభ రద్దయితే 1936లో సొంత ఖర్చుతో అచ్చేసిన 'కులనిర్మూలన'లో కులానికి అసలైన మందు కులాంతర వివాహమే అన్నాడు. మరి పెళ్ళి ప్రేమ లేకుండా ఎక్కడినుంచొస్తుంది తమ్ముడూ? ప్రేమ అనే మాటని యద్దనపూడికీ సినిమాలకీ వదిలేసి మనం ధర్నాలు మాత్రమే చేస్తామంటే, ఇరవై ఏళ్ళ పిల్లలు ఎటు పోతారో నువ్వే చెప్పు. నీకూ ఇరవై మూడే గదా.

మన వైపూ లోటుంది. మన కథల్లో దెబ్బలున్నాయి, ఆకలి ఉంది, చావు ఉంది, తిరుగుబాటు ఉంది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుని సంతోషపడే పేజీలు తక్కువ. లేవని కాదు. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం'లో ఎల్లన్న, సుభద్ర ఉన్నారు. మాలపల్లె మనుషులు, పాటా ప్రేమా రెండూ ఉన్న మనుషులు. 2000 నుంచీ ఆ పుస్తకం ఉంది. మన గదిలో రెండు ప్రతులున్నాయి. పట్టీలో మూడో వరుసలో వేశాం. ఎవరూ ఉత్తరం రాయలేదు. మనం దాన్ని 'ఉద్యమ సాహిత్యం' అని బీరువాలో పెట్టాం, షెడ్డులోకి తీసుకుపోలేదు.

కాబట్టి 'సెక్రటరీ' గదిలోనే ఉంటుంది. అట్ట అతికించి నంబరు వేశాం. చదివినవాళ్ళు అభిప్రాయాలు రాయండి, తిట్టినా వేస్తాం, మెచ్చుకున్నా వేస్తాం. మీ పల్లెలో మీరు చూసిన, మీరు బతికిన ప్రేమ కథలు కూడా రాసి పంపండి. పేర్లు వద్దు, ఊళ్ళ పేర్లు అసలే వద్దు. రాయటం రానివాళ్ళు పిల్లల చేత రాయించండి.

పోయిన ఆదివారం నుంచి ఆ ఇంటరు పిల్లే షెడ్డులో 'అంటరాని వసంతం' మొదలుపెట్టింది. ఎల్లన్న సుభద్రని వదిలి ఊళ్ళు పట్టుకు తిరిగే చోటికొచ్చారు. నిన్న సాయంత్రం బడినుంచి వస్తుంటే పెద్దమ్మ దారిలో ఆపి, "టీచరమ్మా, నీకు ముందే తెలుసుగా, ఆడు మళ్ళా ఆమె దగ్గరికొస్తాడా రాడా?" అని అడిగింది. చెప్పలేదు.