ఆ విధవరాలు న్యాయస్థానానికే వెళ్ళింది

లూకా సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన విధవరాలి ఉపమానం మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. విసుగక ప్రార్థించాలని బోధించడానికి ఆ కథ ఎత్తుకుంటాం. కానీ ఆమె నిలబడింది మందిరంలో కాదు, న్యాయాధిపతి ఎదుట. తనకు జరగవలసిన న్యాయం జరిగేదాకా మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు సరికదా, మనకు మాదిరిగా చూపించాడు. సెమినరీలో ఈ భాగాన్ని గ్రీకులో చదువుకున్న మాకు ఈ చిన్న సంగతి తట్టడానికి ఒక మనిషి ప్రాణం పోవలసి వచ్చింది.

2013లో, క్రిస్మస్ ముందు వారం. మా సంఘంలోని తాపీమేస్త్రీ ఒకాయన తెల్లవారుజామున మోటారు సైకిలు మీద పనికి వెళ్తుంటే వెనకనుంచి కారు గుద్దింది. ఆయన వయసు 34. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. కారు నడిపినాయన కూడా విశ్వాసే, పక్క ఊరి సంఘంలో పెద్ద. ఆల్‌నైట్ ప్రార్థన ముగించుకుని వస్తూ ఒక్క క్షణం కునుకు తీశాడు.

పెద్దలు కూర్చున్నారు, మమ్మల్నీ పిలిచారు. మేము కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం తెరిచి, సహోదరుడు సహోదరుని మీద వ్యాజ్యమాడకూడదని చెప్పాం. దేవుని చిత్తం అన్నాం. ఆమె చేతిలో 50 వేల రూపాయలు పెట్టించి ప్రార్థన చేశాం. పోలీసు కాగితాల్లో మాత్రం బండి అదుపుతప్పి ఆయనే పడిపోయినట్టు రాయించారు. ఆ మాట అనుకున్నప్పుడు మేము ఆ గదిలోనే ఉన్నాం. క్షమాపణ జరుగుతోందనుకున్నాం గానీ, అబద్ధ సాక్ష్యం జరుగుతోందని మాకు తోచలేదు.

కొన్నేళ్ళ తర్వాత మా సంఘంలో చేరిన ఒక అడ్వొకేటు ఈ సంగతి విని, కాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు. మేస్త్రీ సంపాదన నెలకు 9 వేలు, అంటే ఏడాదికి 1,08,000. నలుగురు ఆధారపడినవారున్నారు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసేస్తే 81,000. సుప్రీంకోర్టు 2009లో స్థిరపరచిన పట్టిక ప్రకారం 34 ఏళ్ళ వయసుకు దాన్ని 16తో గుణించాలి. 12,96,000 రూపాయలు. అది కారు యజమాని ఇల్లు అమ్మి ఇవ్వవలసిన డబ్బు కాదు. ఆయన కారుకు ఇన్సూరెన్స్ ఉంది. ఎదుటివారికి నష్టం జరిగితే చెల్లించడానికే చట్టం ఆ ఇన్సూరెన్సును తప్పనిసరి చేసింది, ఏటేటా ఆయన ప్రీమియం కట్టింది అందుకే. సహోదరుని కాపాడుతున్నామనుకుని మేము కాపాడింది ఇన్సూరెన్స్ కంపెనీని. పెద్ద పిల్లవాడు అప్పటికే చదువు మానేసి పంక్చర్ షాపులో చేరాడు.

ఆ రాత్రి నిర్గమకాండం 21వ అధ్యాయం మళ్ళీ చదివాం. ఒకడు మరొకణ్ణి కొట్టి మంచాన పడేస్తే, దెబ్బతిన్నవాడు పనికి పోలేని రోజుల కూలి ఇవ్వాలి, పూర్తిగా బాగయ్యేదాకా వైద్యం చేయించాలి. పొడిచే అలవాటున్న ఎద్దని తెలిసీ కట్టెయ్యని యజమాని దాని దోషం మొయ్యాలి. కూలి నష్టం, వైద్య ఖర్చు, తెలిసీ చేసిన నిర్లక్ష్యం. ఈనాటి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ విచారించేది కూడా ఇంచుమించు ఇవే. దేవుడు మోషే చేత రాయించినదాన్ని అవిశ్వాసమని మేమెలా అన్నాం? పౌలు సంగతి చూసినా, తనకు అన్యాయం జరగబోతుంటే కైసరు ఎదుటనే చెప్పుకుంటానన్నాడు (అపొ. 25:11). కారు నడిపినవాణ్ణి క్షమించడం ఆ విధవరాలి హృదయానికి సంబంధించినది. పిల్లల అన్నం మీద హక్కు వదులుకోమని చెప్పడానికి మేమెవరం?

ఇక "దేవుని చిత్తం" అన్న మాట. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. ఇదంతా దేవుని ఖాతాలో వేద్దామా? కొత్త ఇల్లు కడితే మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టమని, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండం 22:8 చెబుతోంది. హెల్మెట్, సీటు బెల్టు, మంచి బ్రేకులు మన కాలపు పిట్టగోడలే. కారు అద్దానికి వాక్యం స్టిక్కరు అంటించి యెహూ రథం తోలినట్టు తోలడం, దేవాలయ శిఖరం మీదనుంచి దూకమన్న సాతాను మాట వినడమే. మహాసభలకు గూడ్సు ఆటోల్లో తల్లుల్నీ పిల్లల్నీ కుక్కి పంపే పాస్టర్లం మనమే కదా!

ఇందులోనే ఇంకో పాపం కూడా ఉంది, చెప్పక తప్పదు. ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే ఇన్సూరెన్స్ ఉన్న బండి పేరు రాయించేవాళ్ళూ, మానిన కాలికి మానలేదని సర్టిఫికెట్టు తెచ్చేవాళ్ళూ మన సంఘాల్లోనూ ఉన్నారు. అటువంటి కాగితాల మీద మేము సంతకం చెయ్యం.

ఇప్పుడు మా సంఘంలో ఎవరింట్లోనైనా ఇటువంటి కష్టం వస్తే, ఆదరణ కూటంతోపాటు ఆ అడ్వొకేటునూ తీసుకువెళ్తాం. ఎఫ్ఐఆర్ నిజంగా రాశారా, గుద్దిన బండి ఇన్సూరెన్స్ వివరాలు దొరికాయా, పోస్టుమార్టం రిపోర్టు చేతికొచ్చిందా అడుగుతాం. బాధితులు తాము నివసించే చోటే ట్రిబ్యునల్లో దరఖాస్తు వేసుకోవచ్చని చెబుతాం. 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ఆరు నెలల గడువు పెట్టింది కాబట్టి సంవత్సరీకం దాకా ఆగొద్దంటాం. రాత్రి ప్రార్థన అయ్యాక బండ్లున్నవాళ్ళను తెల్లారేదాకా మందిరంలోనే పడుకోమంటాం, చాపలు కూడా కొన్నాం.

మేస్త్రీ భార్య దగ్గరికి వెళ్ళి మా తప్పు ఒప్పుకున్నాం. పోలీసు కాగితాల్లో ఆయనే పడిపోయాడని ఉంది, గుద్దిన బండి ఊసే లేదు, ఇక చెయ్యగలిగింది లేదని అడ్వొకేటు అప్పటికే చెప్పారు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ, "అప్పుడే చెప్పుంటే బాగుండేది, అయ్యగారూ" అంది.